పుంగనూరు ఆవుకీ వరసలో చోటుంటుంది!

ఒంగోలు గిత్తలు బారులు తీరి నడుస్తున్నాయి. ఒక్కోటీ ఏనుగు గున్నంత! వాటి మధ్యలోకి మూడడుగుల ఎత్తయినా లేని పుంగనూరు ఆవు ఒకటి మెడలో గంట మోగించుకుంటూ వచ్చి నిలబడితే ఎలా ఉంటుంది? చూసేవాళ్లకి ముచ్చట. ఆ ఆవుకి మాత్రం గుండెదడ!

రద్దీగా ఉండే పెద్ద విమానాశ్రయంలో ఓ బుల్లి విమానం దిగడమంటే అచ్చం ఇలాగే ఉంటుంది. సెస్నా 172 అని నాలుగు సీట్ల విమానం ఉంది. మనుషులు, ఇంధనం, సంచులు అన్నీ కలుపుకొన్నా దాని బరువు 1,100 కిలోలకు కాస్త అటూ ఇటూ. అంటే మన వీధిలో తిరిగే మామూలు కారంత. దాని వెనకాలే వచ్చే ఎయిర్‌బస్ ఎ320 దిగే సమయానికి దాదాపు 60 టన్నులు తూగుతుంది. బరువులో యాభై రెట్లకు పైగా తేడా. అయినా ఇద్దరికీ ఒకటే రన్‌వే. ఒకటే వరస. ఒకటే రేడియో. కంట్రోల్ టవర్‌లో కూర్చున్న మనిషి కూడా ఒక్కరే!

ఆ బుల్లి విమానం నడిపే ప్రైవేటు పైలట్ ఆ వరసలో ఎలా దూరతాడు? ఎలా బయటపడతాడు? ఇదీ ఈవారం మన ముచ్చట.

మూడు ఊళ్లకూ అరగంటే!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడు ఊళ్ల వాళ్లూ విమానమెక్కాలంటే తిరుపతి మాటెలా ఉన్నా, ఎక్కువగా చూసేది బెంగళూరు వైపే. మ్యాపు తీసి దేవనహళ్లిలోని కెంపేగౌడ విమానాశ్రయానికి ఈ మూడింటి నుంచీ తిన్నగా గీత గీయండి. మూడు గీతలూ వంద కిలోమీటర్లకు లోపే. బస్సులో అయితే మలుపులు, స్పీడు బ్రేకర్లు, టీ కోసం ఆగడాలూ ఉంటాయి. గంటకు 200 కిలోమీటర్ల దాకా పోయే చిన్న విమానానికి అది అరగంట ప్రయాణం.

కుప్పానికీ ఓ విమానాశ్రయం కావాలన్న మాట ఏళ్లుగా వినిపిస్తోంది. అది అలా ఉంచితే, 'మావాడు పైలట్ అవుతానంటున్నాడు' అనే తల్లిదండ్రులు ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ కనిపిస్తున్నారు. ఒకప్పుడు ఇంజినీరు, డాక్టరు తప్ప వేరే మాట వినిపించని ఇళ్లలో ఇది కొత్త కల. ఆ కల ఖరీదు లక్షల్లో ఉంటుంది. కాబట్టి అందులో అసలు కష్టం ఎక్కడుందో ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం మంచిది. చాలామంది అనుకునేట్టు అది విమానాన్ని గాల్లోకి లేపడంలో లేదు. నలుగురి మధ్యా దించడంలో ఉంది.

కారుకో లైసెన్సు... మాటకో లైసెన్సు

మన దేశంలో ప్రైవేటు పైలట్ లైసెన్సు కావాలంటే 17 ఏళ్లు నిండాలి. పదో తరగతి పాసవ్వాలి. వైద్య పరీక్షల్లో నెగ్గాలి. కనీసం 40 గంటలు విమానం నడపాలి. అందులో కొన్ని గంటలు పక్కన గురువు లేకుండా ఒంటరిగా నడపాలి. అంతేకాదు, 150 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 278 కిలోమీటర్లు, ఒంటరిగా తిరిగి దారిలో రెండు వేర్వేరు చోట్ల దిగి రావాలి. ఈ లైసెన్సుతో సొంతంగా తిరగొచ్చు, స్నేహితుల్ని తిప్పొచ్చు. అంతేగానీ జీతం పుచ్చుకుని నడపకూడదు. దానికి 200 గంటల అనుభవంతో కమర్షియల్ లైసెన్సు ఉండాల్సిందే.

విచిత్రమేమిటంటే... విమానం నడపడానికి ఒక లైసెన్సు అయితే, అందులో కూర్చుని రేడియోలో మాట్లాడటానికి మరొకటి! 'మాట్లాడటానికి కూడా పరీక్షా?' అని నవ్వొచ్చు. పెద్ద విమానాశ్రయం దగ్గరికి వచ్చాక తెలుస్తుంది దాని విలువ.

మన ఎఫ్ఎం రేడియో 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది కదా! ఆ పైన, 118 నుంచి 137 దాకా విమానాల వాళ్ల మాటలు నడుస్తుంటాయి. ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి మీట నొక్కారా... ఇద్దరి మాటా పోయి కీచుమనే శబ్దం మిగులుతుంది. రద్దీ వేళల్లో ఆ రేడియో మదనపల్లె టమోటా మార్కెట్‌లో వేలంపాటలా ఉంటుంది. ఒకరి మాట ముగియకముందే మరొకరు సిద్ధం. ఆ సందులో దూరి, తానెవరు, ఎక్కడున్నాడు, ఎంత ఎత్తులో ఉన్నాడు, ఏం కావాలి అనే నాలుగు సంగతులూ నాలుగైదు సెకన్లలో చెప్పేయాలి మన ప్రైవేటు పైలట్. 'అదీ... ఏమిటంటే...' అని నసిగే వీల్లేదు.

టవర్ నుంచి వచ్చిన ప్రతి ముఖ్యమైన ఆదేశాన్నీ మళ్లీ అప్పజెప్పాలి కూడా. 'సరే' అంటే సరిపోదు. ఏ రన్‌వే, ఎంత ఎత్తు, ఏ దిక్కు అన్నీ తిరిగి పలకాలి. తప్పు వింటే అవతలివాళ్లు అక్కడికక్కడే దిద్దుతారు. కిరాణా కొట్టులో చీటీ తిరిగి చదివించుకోవడం లాంటిదే ఇది. అంకెలు పలకడంలోనూ జాగ్రత్తే. ఇంగ్లిష్‌లో తొమ్మిదిని 'నైన్' అనరు, 'నైనర్' అంటారు. ఐదుకు 'ఫైఫ్'. ఒకటనుకుని ఇంకోటి వినకుండా!

వెనకాల జెట్ వస్తోంది... కానివ్వు!

వరసలో చోటు దొరికింది. ఇక అసలు చిక్కు మొదలు. అదే వేగం.

చిన్న విమానం మామూలుగా గంటకు 120 కిలోమీటర్ల వేగంతో రన్‌వే మీదికి వస్తుంది. జెట్ విమానం వేగం 250 దాకా ఉంటుంది. చివరి పది కిలోమీటర్లూ దాటడానికి చిన్నదానికి ఐదు నిమిషాలు పడితే, ఆ ఐదు నిమిషాల్లో జెట్ ఇరవై కిలోమీటర్లు వచ్చేస్తుంది. అంటే పది కిలోమీటర్లు వెనకున్న జెట్ రన్‌వే దగ్గరికొచ్చేసరికి చిన్నదాని నెత్తిమీద ఉంటుందన్నమాట! పలమనేరు రోడ్డు మీద సైకిల్ వెనకాల లారీ హారన్ కొడుతున్నట్టు. తేడా ఏమిటంటే... లారీ బ్రేకు వేసి ఆగగలదు. జెట్ గాల్లో ఆగలేదు.

అందుకే కంట్రోలర్ చిన్నవాడిని 'వీలైనంత వేగంగా రా' అంటాడు. లేదంటే 'అక్కడే ఓ చుట్టు తిరుగు, ముందు పెద్దాయన్ని పోనీ' అంటాడు. వేగంగా రావాలంటే మరో తంటా. ఎప్పుడూ 120తో దిగడం అలవాటైన చెయ్యి, ఇప్పుడు 160తో వచ్చి, చివరి నిమిషంలో తగ్గించుకోవాలి. కుదరకపోతే? రేడియోలో ఒక్క మాట ఉంది... 'అనేబుల్'. నావల్ల కాదు అని అర్థం. ఆ మాటంటే కంట్రోలర్ కోప్పడడు. వేరే దారి వెతుకుతాడు. చెప్పకుండా ప్రయత్నించి చేతులెత్తేస్తేనే అందరికీ ముప్పు.

రన్‌వే చూస్తే ఇంకో మాయ. బెంగళూరులోని రెండు రన్‌వేలూ ఒక్కోటీ 4 వేల మీటర్ల పొడవు. చిన్న విమానానికి ఆగడానికి కొన్ని వందల మీటర్లు చాలు. 'ఇంకేం, హాయిగా దిగొచ్చు' అనిపిస్తుంది. కానీ చిన్న మైదానంలో సన్నటి రన్‌వేకి అలవాటుపడ్డ కళ్లు అంత వెడల్పు చూసి మోసపోతాయి. ఇంకా పైనే ఉన్నా నేలకు దగ్గరికొచ్చేసినట్టు అనిపిస్తుంది. తొందరపడి ముక్కు పైకెత్తితే విమానం గాల్లోనే నిలిచినంత పనై దబ్బున పడుతుంది. దిగాక కూడా 'అమ్మయ్య' అని నిదానించకూడదు. వెనకాల వాళ్లు ఎదురుచూస్తుంటారు. వీలైన మొదటి దారిలోనే పక్కకు తప్పుకోవాలి.

కంటికి కనపడని సుడిగాలి

బైకు మీద వెళుతుంటే పక్కనుంచి పెద్ద లారీ దూసుకెళ్లినప్పుడు బండి ఒక్కసారి ఊగుతుంది చూడండి! ఆకాశంలో దీనికి పెద్దన్న ఉంది. పెద్ద విమానం రెక్కల కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి రెక్క కొసల నుంచి పైకి చుట్టుకుంటుంది. రెండు కొసల వెనకా రెండు సుడులు తిరుగుతూ మెల్లగా కిందికి దిగుతుంటాయి. విమానం ఎంత బరువైతే, ఎంత నిదానంగా పోతుంటే ఆ సుడులు అంత బలంగా ఉంటాయి. నిదానంగా ఎప్పుడుంటుంది? సరిగ్గా దిగేటప్పుడే!

ఆ సుడిలో చిక్కితే చిన్న విమానం పల్టీ కొట్టొచ్చు. పైలట్ ఎంత గింజుకున్నా లాభం ఉండదు. అందుకే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 7 టన్నుల లోపు విమానాల్ని 'తేలికవి' అని వేరుచేశారు. ఎ320 లాంటి మధ్యస్థ విమానం వెనకాల దిగే తేలిక విమానానికి 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్ల పైచిలుకు, ఎడం ఇస్తారు. రాడార్ సాయం లేనిచోట దాన్నే 3 నిమిషాల వ్యవధిగా లెక్కేస్తారు. మరీ భారీ విమానమైతే ఎడం ఇంకా పెరుగుతుంది.

పైలట్ చేతిలోనూ ఓ చిట్కా ఉంటుంది. సుడులు కిందికి దిగుతాయి కాబట్టి పెద్ద విమానం వచ్చిన దారికంటే కాస్త పైనుంచే రావాలి. అది నేలను తాకినచోటు గుర్తుపెట్టుకుని ఆ చోటు దాటాక దిగాలి. చక్రాలు నేలకు ఆనాక రెక్కలు బరువు మోయడం మానేస్తాయి, సుడులూ ఆగిపోతాయి. పొడవాటి రన్‌వే ఉన్నది అందుకే పనికొస్తుంది మరి!

మన ఆకాశానికి ఇది కొత్తేం కాదు

1929 ఫిబ్రవరి 10న జేఆర్డీ టాటా పైలట్ లైసెన్సు పుచ్చుకున్నారు. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి ఒంటి ఇంజిను పుస్ మోత్ విమానంలో ఉత్తరాల మూటతో బయల్దేరి, అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహు మైదానంలో దిగారు. అక్కణ్నుంచి ఆయన మిత్రుడు నెవిల్ వింట్‌సెంట్ ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. బళ్లారి నుంచి మద్రాసుకు తిన్నగా గీత గీస్తే అది అనంతపురం, రాయచోటి పరిసరాల మీదుగా పోతుంది. మదనపల్లెకు ఉత్తరాన ఓ అరవై కిలోమీటర్ల దూరంలో! అప్పుడు రాడార్ లేదు, టవర్ లేదు. వరసలో నిలబడాల్సిన పనీ లేదు. యాభై ఏళ్ల తర్వాత, 1982లో, 78 ఏళ్ల వయసులో జేఆర్డీ అదే కరాచీ-బొంబాయి దారిలో మళ్లీ చిన్న విమానం నడుపుకుంటూ వచ్చారు. ఈసారి మాత్రం ఆకాశం నిండా జెట్ విమానాలు!

తెలుగునాట ఈ చిన్నాపెద్దా సహవాసం చూసింది హైదరాబాద్‌లోని బేగంపేట. నిజాం రోజుల్లో మొదలైన ఆ విమానాశ్రయం నుంచే 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ పుట్టింది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చింది ఆ సంస్థే. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యేదాకా రాష్ట్ర రాజధానికి వచ్చే ప్రయాణికుల విమానాలన్నీ బేగంపేటలోని ఒకే రన్‌వే మీద దిగేవి. శిక్షణ విమానాలదీ ఆ రన్‌వేనే. ఇరవై ఏళ్ల కుర్రాడు ఒంటరిగా సెస్నాలో చుట్లు తిరుగుతుంటే, ముందో జెట్, వెనకో జెట్!

బెంగళూరులోనూ అంతే. స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలో ఏర్పడ్డ జక్కూరు మైదానం చిన్న విమానాలకు పుట్టిల్లు. 2008 మే 24న దేవనహళ్లిలో పెద్ద విమానాశ్రయం మొదలైంది. రెండింటికీ మధ్య ఎడం ఇరవై కిలోమీటర్లయినా లేదు. ఆ పక్కనే యలహంక వైమానిక దళ స్థావరం. అక్కడ ఎగరడమంటే మూడు పెద్దిళ్ల మధ్య సందులో నడవడమే.

తిరకాసు ఇంకో వైపు నుంచీ జరిగింది. 1972 సెప్టెంబరు 24న జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 జెట్ ఒకటి బొంబాయిలో శాంతాక్రజ్ అనుకుని పక్కనున్న బుల్లి జుహు మైదానంలో దిగేసింది! రన్‌వే చాలక ముందుకు దూసుకెళ్లింది. అదృష్టం బాగుండి ఎవరి ప్రాణాలూ పోలేదు. పెద్దవాళ్లు కూడా దారి తప్పుతారన్నమాట.

చెప్పని ఒక్క మాట

ఇంతవరకూ చెప్పుకొన్నవి లెక్కలు, చిట్కాలు. వీటిని గురువులు నేర్పిస్తారు. కానీ పైలట్ల ప్రాణం తీసేది, నిలబెట్టేది చాలాసార్లు ఇంకోటి ఉంది... నోరు విప్పడం!

1990 జనవరి 25. కొలంబియా నుంచి 158 మందితో వచ్చిన ఏవియాంకా బోయింగ్ 707 న్యూయార్క్ దగ్గర వాతావరణం బాగాలేక గంటకు పైగా గాల్లోనే చక్కర్లు కొట్టింది. ఇంధనం అడుగంటుతోంది. 'మాకు ఇంధనం అయిపోతోంది, ముందు మమ్మల్ని పంపండి' అన్న అర్థం వచ్చేలా పైలట్లు చెప్పారు. కానీ 'ఎమర్జెన్సీ' అన్న ఒక్క మాట అనలేదు. రద్దీలో తలమునకలైన కంట్రోలర్లకు అది ఎంత పెద్ద ఆపదో అర్థం కాలేదు. మొదటి ప్రయత్నంలో దిగలేకపోయారు. రెండోసారి తిరిగి వస్తుండగా ఇంజిన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. 73 మంది చనిపోయారు. వాళ్లు కొత్తవాళ్లు కాదు, అనుభవమున్న పైలట్లే. ఇప్పుడు 'మినిమం ఫ్యూయల్', 'మేడే ఫ్యూయల్' అన్న మాటలకు ప్రపంచమంతా ఒకే అర్థం ఉండేలా నిబంధనలున్నాయి. ఆ ఒక్కొక్క మాట వెనకా ఇలాంటి ఖరీదు ఉంది.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే సంఘటన చూడండి. 2022 మే 10న అమెరికాలో ఫ్లోరిడా తీరం దగ్గర ఓ సెస్నా కారవాన్ గాల్లో ఉండగా పైలట్‌కు ఉన్నట్టుండి ఒంట్లో బాగాలేకుండా పోయింది. విమానంలో ఉన్న ఇద్దరు ప్రయాణికుల్లో ఎవరికీ నడపడం రాదు. వారిలో ఒకరు రేడియో అందుకుని, పైలట్ స్పృహలో లేడు, నాకు విమానం నడపడం తెలియదు, సాయం చేయండి అని దాపరికం లేకుండా చెప్పేశాడు. ఎక్కడున్నాడో కూడా అతనికి తెలియదు. రాడార్‌లో వెతికి పట్టుకున్నారు. విమానం నడపడం నేర్పే అనుభవమున్న ఓ కంట్రోలర్‌ని పిలిపించారు. ఆ కంట్రోలర్ ఎప్పుడూ ఆ రకం విమానం నడపలేదు. దాని కాక్‌పిట్ ఫొటో ఒకటి ముందు పెట్టుకుని, ఒక్కో మీటా ఎక్కడుందో చెబుతూ పామ్ బీచ్ అంతర్జాతీయ విమానాశ్రయానికి తీసుకొచ్చాడు. మిగతా విమానాల్ని పక్కన పెట్టారు. బుల్లి విమానం క్షేమంగా రన్‌వే మీద ఆగింది. పైలట్ కూడా ప్రాణాలతో బయటపడ్డాడు.

చూశారా! అన్నీ తెలిసిన వాళ్లు అసలు మాట చెప్పలేక పడిపోయారు. ఏమీ తెలియనివాడు 'నాకు తెలియదు' అని చెప్పి దిగాడు.

అమ్మానాన్నలకో మాట

మన ఇళ్లలో పిల్లలకు చిన్నప్పటి నుంచీ నేర్పేది కాస్త తేడాగా ఉంటుంది. పెద్దవాళ్లు చెబుతుంటే మధ్యలో అడగకూడదు. అర్థం కాకపోయినా తలూపాలి. రాదంటే పరువు పోతుంది. చిన్న ఊరి తెలుగు మీడియం బడి నుంచి వెళ్లిన పిల్లలకైతే ఇంగ్లిష్ భయం అదనం. క్లాసులో తలూపితే నాలుగు మార్కులు పోతాయి. వేలాది అడుగుల ఎత్తున తలూపితే?

అందుకే పైలట్ కోర్సుకు పంపాలనుకునేవాళ్లు ఫీజు లెక్కలతోపాటు ఈ లెక్క కూడా చూసుకోవాలి. మీ అబ్బాయి, అమ్మాయి అర్థం కానప్పుడు 'మళ్లీ చెప్పండి' అనగలరా? చేతకానప్పుడు 'నావల్ల కాదు' అని పదిమందిలో ఒప్పుకోగలరా? ఆ రెండూ వస్తే ఇంగ్లిష్ అదే వస్తుంది. విమానాల రేడియో భాష ఏమంత పెద్దది కాదు. వాడే మాటలు తక్కువ, వాటి అర్థాలు ఖాయం. నోరు తిరగడానికి సాధన చాలు.

ఇంకో సంగతి. దిగడానికి వచ్చిన విమానం వేగం కుదరకపోయినా, ముందున్న విమానం రన్‌వే ఖాళీ చేయకపోయినా, పైలట్ మనసు ఎందుకో ఒప్పుకోకపోయినా దిగడం మానేసి మళ్లీ పైకి లేచిపోవచ్చు. దీన్ని 'గో అరౌండ్' అంటారు. ప్రయాణికులు కంగారుపడతారుగానీ పైలట్ల లోకంలో అది తప్పు కాదు, తెలివి. బుల్లి సెస్నాలో మొదటిసారి పెద్ద విమానాశ్రయానికి వచ్చిన కుర్రాడికీ, వేల గంటల అనుభవమున్న ఎయిర్‌లైన్స్ కెప్టెన్‌కీ ఆ హక్కు సమానమే. ఎవరూ 'ఎందుకు లేచావ్' అని వెక్కిరించరు. మళ్లీ ఓ చుట్టు తిరిగి రమ్మంటారు, అంతే. రన్‌వే ఎక్కడికీ పోదు.

పరీక్షలో ఒకసారి తప్పితే జీవితం అయిపోయిందనుకునే మన పిల్లలకు విమానం నడపడం రాకపోయినా ఫర్వాలేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు!